పులుపు తనిఖీ

నా టిఫిన్ డబ్బాని మూడోసారి తోముతున్నాను. మొదటిసారి సబ్బుతో, రెండోసారి శనగపిండితో, ఇప్పుడు బాయిలర్ బూడిదతో. మూత లోపలి రబ్బరు చుట్టు ఊడదీసి ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఏడాది కిందట ఒకేఒక్కసారి పెట్టుకున్న నిమ్మకాయ పచ్చడి ఇంకా అందులో దాక్కునే ఉంది.

"గిన్నె అరిగిపోతుందే పిల్లా. మధ్యాహ్నం అందులో ఏం తింటావు, చిల్లులా?" అంది వరహాలమ్మ మామ్మగారు గుమ్మంలో కూర్చుని.

"పులుపు వాసన రాకూడదు మామ్మగారూ. తనిఖీ ఉంటుంది."

"తనిఖీ చేసేది నువ్వేగా?"

"అందుకే మరీ రాకూడదు."

ఆవిడ నా ఇంటి ఓనరు. రెండు గదుల పెంకుటిల్లు. ముందు గది ఆవిడది, వెనక గది నాది. రోజూ పొద్దున్న నేను ఆఫీసుకి బయల్దేరేటప్పుడు ఒకే ప్రశ్న అడుగుతుంది. ఆ రోజూ అడిగింది.

"మా అమ్మని ఎప్పుడు చూపిస్తారంటా?"

నేను రోజూ చెప్పే జవాబే చెప్పాను. "ఫైల్లో ఉంది మామ్మగారూ."

"ఎక్కడో ఒకచోట ఉందిలే," అంది.

నేను పాత చిత్రాల శాశ్వత పరిరక్షణ కేంద్రంలో జూనియర్ సహాయకురాలిని. సముద్రానికి కూతవేటు దూరంలో, ఒకప్పుడు రొయ్యలు దాచిన గోడౌన్‌లో మా కేంద్రం ఉంది. రెండు వందల పన్నెండు పాత సినిమాలు రేకు డబ్బాల్లో ఉన్నాయి. వాటి కోసం రెండు ఏసీలు మంజూరయ్యాయి. పరిరక్షణకి సంబంధించిన నిర్ణయాలు చల్లని వాతావరణంలో జరగాలి కాబట్టి రెండూ డైరెక్టరు పట్టాభిరామయ్య గారి గదిలో బిగించారు.

గోడ మీద ఇరవై ఏడు నిబంధనల బోర్డు ఉంటుంది. దాని పైన పెద్దక్షరాలతో మా కేంద్రం ఆదర్శవాక్యం: "దర్శనం క్షయం, అదర్శనం అక్షయం." చేరిన కొత్తలో నాకది అర్థం కాలేదు. మా ఊరి బడిలో సంస్కృతం చెప్పేవాళ్లు లేరు. డైరెక్టరు గారే విడమరిచి చెప్పారు. "ఫిలింని ఒకసారి ప్రొజెక్టరులో వేస్తే ఒక గీత పడుతుందమ్మా. వందసార్లు వేస్తే వంద గీతలు. కనుక సినిమాకి ప్రధాన శత్రువు ఎవరు?"

నాకు తెలియక, "ఎలకలాండీ?" అన్నాను.

"ప్రేక్షకుడు," అన్నారాయన.

మా కేంద్రం పెట్టి తొమ్మిదేళ్లయింది. ఇంతవరకూ ఒక్క శత్రువు కూడా లోపలికి రాలేదు. ఈ మాట నేను వ్యంగ్యంగా అనడం లేదు. నిరుటి వార్షిక నివేదికలో ఉంది. దాన్ని అందంగా తిరగరాసింది నేనే. నా దస్తూరీ బాగుంటుంది.

వరహాలమ్మ మామ్మగారి సంగతి ఇదీ. ఆవిడ ఆరేళ్ల పిల్లగా ఉన్నప్పుడు వాళ్ల ఊరి కాలువ పక్కన "పల్లంనీరు" అనే సినిమా తీశారు. నాట్ల పాట ఒకటి ఉంది. హీరోయిన్ వెనకాల నాట్లు వెయ్యడానికి ఊళ్లోని తొమ్మిది మంది ఆడవాళ్లని నిలబెట్టారు. అందులో వాళ్లమ్మ అచ్చియ్యమ్మ ఒకర్తె. అచ్చియ్యమ్మది ఎడమచేతి వాటం. అందరూ కుడిచేత్తో నారు గుచ్చుతుంటే ఆవిడొక్కర్తీ ఎడమచేత్తో గుచ్చుతోందని కెమెరా దగ్గరాయన గోల పెట్టి, ఆవిణ్ణి వరస చివరికి పంపించేశాడట. గట్టు మీద కూర్చుని చూసిన ఆరేళ్ల పిల్లకి అదంతా గుర్తుంది.

సినిమా వచ్చేలోపే విషజ్వరంతో అచ్చియ్యమ్మ పోయింది. పక్కూరి టూరింగ్ టాకీసులో ఆడినప్పుడు, చచ్చిపోయిన మనిషిని తెరమీద చూడకూడదని తండ్రి పిల్లని తీసుకెళ్లలేదు. ఇంట్లో ఫోటో లేదు. అప్పట్లో వాళ్లకి ఫోటో ఎవరు తీస్తారు?

"మొహం గుర్తు లేదే," అంటుంది మామ్మగారు. "చెయ్యి గుర్తుంది. ఆ ఎడమచేత్తోనే వీపు మీద ఒక్కటేసేది. ఇప్పటికీ చురుక్కుమంటుంది."

ఇప్పుడావిడకి డెబ్బై ఏళ్లు. కళ్లకి నీటికాసులు. ఎడం కన్ను పోయింది. కుడికన్ను తలుపు సందులోంచి చూసినట్టు నడిమధ్య కొంచెం మాత్రం కనిపిస్తుంది. దాంతో సూదిలో దారం కూడా ఎక్కించగలదు గానీ పక్కనున్న మనిషిని గుద్దేస్తుంది. ఉగాది దాటితే ఆ సందు కూడా మూసుకుపోవచ్చునని డాక్టరు చెప్పారు.

ఆ "పల్లంనీరు" ప్రింటు ప్రపంచం మొత్తం మీద ఒకటే మిగిలింది. అది మా గోడౌన్‌లో, ఏడో వరసలో, పద్నాలుగు డబ్బాల్లో ఉంది. నేను గది అద్దెకి తీసుకున్న రెండో రోజే ఈ సంగతి ఆవిడకి చెప్పాను. ఆ రోజు ఆవిడ నాకు కొబ్బరి పాలు పోసి పాయసం చేసి పెట్టింది. పాయసం తిన్నాక, చూడాలంటే దరఖాస్తు పెట్టాలని చెప్పాను.

దరఖాస్తులో పదకొండో గడి ఉంది. "చిత్రంలోని వ్యక్తితో దరఖాస్తుదారు బంధుత్వమును నిర్ధారించు నిమిత్తము సదరు వ్యక్తి ఛాయాచిత్రము జతపరచవలెను."

"ఫోటో ఉంటే సినిమా ఎందుకే?" అంది మామ్మగారు.

ఎంతో న్యాయమైన ప్రశ్న. దాన్ని అలాగే "దరఖాస్తుదారు ఇతర వివరములు" అన్న గడిలో గుండ్రటి అక్షరాలతో రాశాను. ఆ గడి ఎవరూ చదవరని నాకు తెలుసు.

వాసన నాకు మొదటిసారి తగిలింది వైశాఖంలో. ఏడో వరసలో డబ్బాల మీది దుమ్ము తుడుస్తున్నాను. "పల్లంనీరు" ఎనిమిదో డబ్బా దగ్గరికి వచ్చేసరికి ముక్కు ఆగిపోయింది. అప్పట్లో చూసొచ్చిన ఊరివాళ్లు మామ్మగారికి చెప్పిన లెక్క ప్రకారం నాట్ల పాట విశ్రాంతి తర్వాత మొదట్లోనే. అంటే ఈ డబ్బాలోనే.

డైరెక్టరు గారి గదిలోకి వెళ్లి చెప్పాను. "సార్, ఎనిమిదో డబ్బా దగ్గర పుల్లటి వాసన వస్తోందండి."

"పుల్లటి అనగా?"

నేను ఇక్కడే ఆగిపోయుండాల్సింది. కానీ ఊళ్లో పుట్టి పెరిగినదాన్ని. దేన్నైనా పోలిక చెబితే గానీ తోచదు.

"పచ్చడి జాడీ మూత తీసినట్టుందండి."

ఆ సినిమా ప్రాణం తీసింది ఆ పోలికే. డైరెక్టరు గారు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. "పచ్చడి! సంస్థ ఆవరణలో పచ్చడి!"

అప్పుడు గోడౌన్ అటెండరు ఇస్మాయిల్ గారు అక్కడే ఉన్నారు. ముప్పై ఏళ్లు సినిమా హాల్లో ప్రొజెక్టరు నడిపిన మనిషి. మా కేంద్రంలో ఫిలింని చేత్తో ముట్టుకుని ఎరిగినవాడు ఆయనొక్కడే. అందుకే ఆయన ఉద్యోగం అందరికన్నా చిన్నది.

"పచ్చడి కాదండి. అది ఫిలిం వాసనండి. ఫిలిం పాడయ్యేటప్పుడు ఇలాగే పులుస్తుందండి. ఒక డబ్బా పులిస్తే పక్కదానికి అంటుకుంటుంది. దాన్ని విడిగా చల్లగా పెట్టాలండి. ముందు తెరిచి చూడాలండి."

"ఫిలిం పులవడానికి అదేమన్నా ఇడ్లీ పిండా ఇస్మాయిల్?"

"ఆయ్, వాసన మాత్రం అదేనండి."

"సరే. పాడయిందని నిర్ధారణ కానిదే డబ్బా తెరవరాదు. పదహారో నిబంధన. తెరవనిదే పాడయిందని నిర్ధారణ కాదు. అది ప్రకృతి నియమం. రెంటినీ కలిపి చూస్తే ఏం తేలుతోంది?"

ఇస్మాయిల్ గారు నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను.

"పాడవలేదని తేలుతోంది," అన్నారు డైరెక్టరు గారు.

సాయంత్రానికి సర్క్యులర్ వచ్చింది. "ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునదేమనగా, జాతి స్మృతిసంపద అయిన చలనచిత్రముల సమీపమున ఆమ్లగుణ ఆహారపదార్థముల వినియోగము వలన దుర్వాసన వ్యాపించుచున్నట్లు కేంద్రము దృష్టికి వచ్చినది. కావున రేపటినుండి పచ్చళ్లు, పులుసు, పులిహోర, చారు వగైరాలు నిషేధించడమైనది." కింద ఇంకో వాక్యం: "ఈ వాసనను ప్రథమముగా పసిగట్టిన కుమారి సత్యవేణిని పులుపు తనిఖీ అధికారిగా నియమించడమైనది."

సత్యవేణి నేనే. మా ఊళ్లో అందరూ నన్ను నోరు లేని పిల్ల అనేవారు. అయితే ముక్కు ఉందని బళ్లో మా హెడ్మాస్టరు గారికి తెలుసు. మధ్యాహ్న భోజనం సాంబారు పాడయిందో లేదో చూడ్డానికి నన్నే పిలిచేవారు. నేను వాసన చూసి తల అడ్డంగా ఊపితే రెండొందల మంది పిల్లలకి ఆ రోజు సాంబారు ఉండేది కాదు. ఆ సాంబారు వాసన చూశాక దాన్ని పారబోసేవారు. ఇక్కడ వాసన చూసిన నాకు పదవి ఇచ్చారు. తేడా అప్పుడు పట్టలేదు. నిజం చెప్పొద్దూ, ఆ సర్క్యులర్ కాపీ ఒకటి ఇంటికి తీసుకెళ్లి మామ్మగారికి చదివి వినిపించాను కూడా.

"అధికారివా?" అంది ఆవిడ సంతోషంగా. "అయితే ఇంక చూపించెయ్యచ్చుగా!"

మర్నాటి నుంచి గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చున్నాను. వచ్చినవాళ్లు వచ్చినట్టు డబ్బా మూత తీసేవారు. నేను వాసన చూసి రిజిస్టరులో రాసేదాన్ని. పేరు, వంటకం, పులుపు ఉన్నది, లేనిది, సంతకం.

మొదటి వారంలోనే పెరుగు దగ్గర పేచీ వచ్చింది. పెరుగు పులుపా, కాదా? దాని మీద కమిటీ మూడుసార్లు కూర్చుంది. చివరికి "తోడుపెట్టిన ఆరు గంటలలోపు పెరుగును తీపి పదార్థముగా పరిగణించవచ్చును" అని తేల్చింది. ఏ గంటకి తోడుపెట్టారో ఇంట్లోవాళ్లు సంతకం చేసిన చీటీ తీసుకురావాలి. మా అకౌంటెంటు గారి భార్య వరసగా నాలుగు రోజులు రాసి, అయిదో రోజు, "ఇంట్లో పాలు లేవు, నాకు ఓపిక లేదు, ఇట్లు భవదీయురాలు" అని రాసి పంపింది. దాన్ని కూడా ఫైలు చేశాను.

టైపిస్టు నూకరత్నం అప్పుడు నాలుగో నెల గర్భిణి. మామిడికాయ ముక్క లేకపోతే ముద్ద దిగేది కాదు. డాక్టరు సర్టిఫికెట్ తెస్తే కమిటీ దయతలిచి మినహాయింపు ఇచ్చింది. "గేటు వెలుపల, గాలి సముద్రము వైపు వీచు సమయములందు మాత్రమే" తినాలి. గాలి ఎటు వీస్తోందో చూసి చెప్పడం నా పనే. చేటంత కాగితం ముక్క ఒకటి దారానికి కట్టి గేటుకి వేలాడదీశాను. పాపం ఆ పిల్ల నోరూరుతూ ఆ కాగితం వైపే చూస్తూ నిలబడేది. సముద్రం ఒడ్డున మధ్యాహ్నం పూట గాలి ఎప్పుడూ ఊరివైపే వీస్తుంది.

శ్రావణం నాటికి మా కేంద్రంలో అందరూ ముద్దపప్పు, గుమ్మడికాయ కూర తింటున్నారు. మొహాలు కూడా అలాగే తయారయ్యాయి. వాసన మాత్రం పెరిగింది.

"నిషేధం లేకపోతే ఇంకెంత ఉండేదో ఊహించండి," అన్నారు డైరెక్టరు గారు సమీక్షా సమావేశంలో. అందరూ ఊహించారు.

నాకూ ఒకరోజు ధైర్యం వచ్చింది. నోటితో కాదు, కాగితం మీద. "వాసన భోజనశాలలో లేదు. గోడౌన్‌లో ఏడో వరస వద్ద మిక్కిలి ఎక్కువగా ఉన్నది. తమ పరిశీలన నిమిత్తము" అని నోట్ రాసి పంపాను. మూడోరోజు ఆకుపచ్చ సిరాతో జవాబు వచ్చింది. "కనుక దోషులు ఏడో వరసలో కూర్చుని తినుచున్నారు. నిఘా పెంచవలెను."

నిఘా పెంచితే ఇస్మాయిల్ గారు దొరికారు. ఏడో వరసలో ఎనిమిదో డబ్బాకి ముక్కు ఆనించి నిలబడి ఉన్నారు. చేతిలో తిండి ఏమీ లేదు. ఆయన ఆ పూట తిన్నది రెండు చపాతీలు, ఒక అరటిపండు. రిజిస్టరులో నేనే రాశాను. అయినా పదేపదే ఆ డబ్బా దగ్గరికి వెళ్లడం అనుమానాస్పదం అని ఆయన్ని గోడౌన్ నుంచి తీసేసి సైకిల్ స్టాండు దగ్గర వేశారు. అలా ఫిలిం గురించి తెలిసిన ఒకే ఒక్క మనిషి ఎండలో సైకిళ్లు సర్దుతూ కూర్చున్నాడు.

రోజూ సాయంత్రం నేను బయటికి వస్తుంటే మెల్లగా అడిగేవారు. "ఎన్నో డబ్బా దాకా వచ్చిందమ్మాయ్?"

"పదకొండు."

ఇంకో నెలకి, "పద్నాలుగూ అయిపోయాయండి. పక్క సినిమాకి వెళ్లింది."

"ఎవరితోనైనా చెప్పావా?"

"నోటుబుక్కులో రాసుకుంటున్నానండి."

ఆయన చేతిలోని సైకిలుకి స్టాండు వేసి, "మంచి దస్తూరీ అమ్మా నీది," అన్నారు.

ఇంటికొస్తే మామ్మగారు కుడికన్నులో చుక్కలు వేసుకుంటూ ఉండేది. "ఫైలు ఎక్కడిదాకా వచ్చిందే?" అనేది. ఆవిడకి రోజుకొకటి చెప్పేదాన్ని. సెక్షన్‌లో ఉంది, కమిటీలో ఉంది, పరిశీలనలో ఉంది. ఆ డబ్బా పులుస్తోందని మాత్రం చెప్పలేదు. కంగారు పడుతుందని చెప్పలేదనుకునేదాన్ని. నిజానికి, కంగారు పడుతూ నా మొహం వైపు చూస్తుందేమోనని చెప్పలేదు.

కార్తీకంలో నూకరత్నానికి ఆడపిల్ల పుట్టింది. బారసాలకి మమ్మల్నందర్నీ పిలిచి పులిహోర పెట్టింది. డైరెక్టరు గారు మూడుసార్లు అడిగి వేయించుకున్నారు. చేతులు కడుక్కుంటూ, "ఆవరణ వెలుపల," అన్నారు నాతో.

మార్గశిరంలో అక్షయ వారోత్సవం వచ్చింది. రాజధాని నుంచి కమిషనరు గారు వస్తున్నారు. శుక్రవారం ఒక చిత్రాన్ని లాంఛనంగా తెరిచి చూపాలి. శనివారం దాన్ని ప్రదర్శించాలి. అది చూసి ఆనందించడానికి ఒక సామాన్య మహిళ కావాలని పైనుంచి ఉత్తర్వు. మా దగ్గర ప్రేక్షకులు ఎవరూ లేరు. వెతగ్గా వెతగ్గా ఒకే ఒక్క దరఖాస్తు దొరికింది.

"వరహాలమ్మ," అని చదివారు డైరెక్టరు గారు. "చిత్రం, పల్లంనీరు. తొమ్మిదేళ్లుగా మూత కూడా తియ్యలేదు! మన కేంద్రంలో దీనికన్నా భద్రంగా ఉన్న చిత్రం ఉందా? ఇదే తెరుద్దాం. ఏ రీలు?"

"ఎనిమిదోదండి. పదకొండో గడిలో ఫోటో లేదండి," అన్నాను. ఎందుకన్నానో నాకు ఇప్పటికీ తెలీదు. అలవాటు.

"ఆవిడ సినిమా చూస్తుండగా మనమే ఫోటో తీసి జతపరుద్దాం."

పాసు ఇంటికి తెచ్చి మామ్మగారి చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని కన్ను దగ్గర పెట్టుకుని తన పేరు మీద వేలు జరుపుకుంటూ చదువుకుంది. తర్వాత పెట్టె అడుగు నుంచి నేరేడు రంగు చీర తీసి గంజిలో ముంచింది. "మా అమ్మ ముందు నలిగిన చీరతో ఎలా కూర్చోనే?" అంది. చెప్పడానికి అది మంచి సమయం. నేను చీర రెండో కొస పట్టుకుని పిండాను.

శుక్రవారం పొద్దున్న పదింటికి కమిషనరు గారు వచ్చారు. కొబ్బరికాయ కొట్టారు. డబ్బా తెరవడం చేతనైనవాళ్లు ఇంకెవరూ లేక ఇస్మాయిల్ గారిని సైకిల్ స్టాండు నుంచి పిలిపించారు. మూత పట్టేసింది. స్క్రూడ్రైవరు పెట్టి చుట్టూ సడలించారు. టక్ మని ఊడింది.

వాసన గది నిండా పరుచుకుంది. కమిషనరు గారు చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. అకౌంటెంటు గారి కళ్లలోంచి నీళ్లు కారాయి. డైరెక్టరు గారు గిరుక్కున నా వైపు తిరిగి అరిచారు.

"సత్యవేణీ! ఎవరు తెచ్చారు?"

ఇస్మాయిల్ గారు రెండు చేతులూ డబ్బాలో పెట్టి లోపలున్నది బయటికి తీశారు. అది చుట్ట కాదు. తాటిబెల్లం అచ్చులా ఒకే ముద్దయిపోయింది. బల్లమీద పెడుతుంటే పై చుట్లు అప్పడంలా విరిగి ముక్కలు ముక్కలుగా రాలాయి.

"ఇదీ సంగతండి," అన్నారు ఇస్మాయిల్ గారు. వైశాఖంలో చెప్పాను కదా అని ఆయన అనలేదు. అంటే బాగుండునని నాకనిపించింది. ఆయన అంటే నేను అనక్కర్లేదు.

కమిషనరు గారు రుమాలు తియ్యకుండానే అడిగారు. "అంటే దీన్నిక ప్రొజెక్టరులో వెయ్యలేరా?"

డైరెక్టరు గారి మొహం ఒక్క క్షణం తెల్లబోయింది. తర్వాత, సూర్యుడు మబ్బులోంచి వచ్చినట్టు, నెమ్మదిగా వెలిగింది. మా కేంద్రంలో తొమ్మిదేళ్లుగా ఎదురుచూసిన ఆలోచన అప్పుడే వచ్చింది.

"వెయ్యలేరు సార్. ఎవరూ వెయ్యలేరు. ఎప్పటికీ వెయ్యలేరు."

"మరి..."

"ప్రదర్శన అసాధ్యం కనుక అరుగుదల శూన్యం సార్. ఇకపై ఈ చిత్రానికి ఏ ప్రేక్షకుడి వల్లా ఏ హానీ జరగదు. దేశంలో ఈ స్థాయి భద్రత సాధించిన మొదటి చిత్రం ఇదే అయ్యుంటుంది సార్."

కమిషనరు గారు ఆలోచించారు. "అంటే శాశ్వతంగా..."

"శాశ్వతంగా సార్. మిగిలిన చిత్రాలను కూడా దశలవారీగా ఈ స్థాయికి తీసుకువస్తున్నాం."

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. నేను కూడా కొట్టాను. రెండుసార్లు కొట్టాక నా చేతులు చూసుకుని ఆపాను. "పల్లంనీరు" అక్షయ స్థాయి పొందినట్టు అక్కడికక్కడే ప్రకటించారు. ఆ డబ్బాకి సీలు వేసి అద్దాల బీరువాలో పెట్టాలని, శనివారం ప్రదర్శన అనవసరమైంది కనుక రద్దు చెయ్యాలని, ఆ శుభసందర్భంలో మధ్యాహ్నం నుంచి సెలవని చెప్పారు. ఏడు నెలలు అకుంఠిత దీక్షతో పులుపుని అరికట్టినందుకు నాకు శాలువా కప్పారు. ఫోటో తీశారు. ఆ ఫోటోలో నేను నవ్వుతున్నానని తర్వాత అందరూ చెప్పారు.

వాళ్లు టీకి వెళ్తూ, "ఆ ముక్కలు ఊడ్చి డబ్బాలో వెయ్యమ్మా," అన్నారు.

గదిలో ఇస్మాయిల్ గారు, నేను మిగిలాం. ఒక్కొక్క ముక్కా తీసి కిటికీ వెలుగులో చూశాను. కొన్నింటి మీద బొమ్మే లేదు, తెల్లటి పొక్కులు. కొన్నింటి మీద ఆకాశం. ఇస్మాయిల్ గారు అన్నారు, "రీలు మొదలు ఎప్పుడూ బయటి చుట్టులోనే ఉంటుందమ్మాయ్. పాట మొదట్లోనే అంటే ఈ రాలినవాటిలోనే ఉండాలి."

వేలెడు పొడుగు ముక్క ఒకటి దొరికింది. ఎండుమిరపకాయలా మెలితిరిగిపోయింది. నాలుగు బొమ్మలు. నాలుగింటిలోనూ నీళ్ల మీద ఒక వరస, చీమల బారులాగా. నేను దాన్ని పట్టుకుని ఇస్మాయిల్ గారి వైపు చూశాను. ఆయన అటు తిరిగి, ఏ మరకా లేని బల్లని శ్రద్ధగా తుడవడం మొదలుపెట్టారు.

ముక్కని రుమాల్లో చుట్టి టిఫిన్ డబ్బాలో పెట్టి మూత బిగించాను. మా కేంద్రంలో లోపలికి వెళ్లే డబ్బానీ, బయటికి వచ్చే డబ్బానీ తనిఖీ చేసేది ఒకే ఒక్క అధికారి. గేటు దగ్గర కూర్చుని రిజిస్టరులో నా పేరు రాసుకున్నాను. అన్నం, పప్పు, బీరకాయ కూర. పులుపు లేదు. సంతకం.

ఏడు నెలల్లో నేను రాసిన మొదటి అబద్ధం అదే అనుకున్నాను. రిజిస్టరు మూసేముందు పేజీలు వెనక్కి తిప్పాను. వైశాఖం నుంచి ప్రతి పేజీలోనూ నా గుండ్రటి అక్షరాలతో పులుపు లేదు, పులుపు లేదు. మొదటిది అది కాదు.

ఇంటికి వచ్చేసరికి మామ్మగారు ముందు గదిలో నేరేడు రంగు చీర కట్టుకుని నిలబడి ఉంది. గంజికి చీర అట్టలా నిలబడింది.

"రేపు కదా మామ్మగారూ?"

"గంజి ఎక్కువైందేమోనని కట్టి చూస్తున్నానే. కూర్చుంటే కరకరమంటోంది. పాట వినపడదేమో!" అని నవ్వి, సందులోంచి చూసినట్టు తల పక్కకి తిప్పి నన్ను చూసింది. "నీకెందుకే శాలువా?"

చెప్పాను. ఈసారి ఫైలు అనలేదు, కమిటీ అనలేదు. ఫిలిం పాడైపోయిందని, ముద్దయిపోయిందని, రేపు సినిమా లేదని, ఇంకెప్పుడూ ఉండదని చెప్పాను.

ఆవిడ కూర్చుంది. చీర కరకరమంది.

"ఇప్పుడు తెలిసిందా నీకు?"

"వాసన ముందే తెలిసిందండి."

"ఎప్పుడు?"

"వైశాఖంలో."

ఆవిడ ఎడమచేత్తో వీపు మీద ఒక్కటి వేస్తే బాగుండునని నాకనిపించింది. శాలువా తీసి మడతపెట్టాను. మడతపెట్టడానికి ఇంకేమీ లేకపోయాక టిఫిన్ డబ్బా తీసి ఆవిడ ఒళ్లో పెట్టాను.

మూత తియ్యగానే వాసన తగిలి ఆవిడ తల వెనక్కి తీసుకుంది.

"ఇదేనా మీ పులుపు?"

"ఇదేనండి."

రుమాలు విప్పింది. ముక్కని రెండు వేళ్లతో అంచులు పట్టుకుని తీసింది. దాన్నెలా పట్టుకోవాలో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ముందు గదిలో వెలుతురు తక్కువ. నేను లేచి లైటు వేశాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, ఆ ముక్కని కుడికన్నుకి దగ్గరగా తెచ్చుకుంది. చిటికెన వేలి గోరుతో ఒక కొస నుంచి మెల్లగా లెక్కపెట్టుకుంటూ వెళ్లింది. పెదవులు కదులుతున్నాయి. ఒకటి, రెండు, మూడు. నాకు చీమల బారు తప్ప ఏమీ కనపడని చోట ఆవిడ ఒక్కొక్కరినీ దాటుకుంటూ చివరిదాకా వెళ్లింది.

గోరు ఆగింది.

గంజి చీర కూడా చప్పుడు చెయ్యలేదు. తర్వాత తల ఎత్తి బల్బు వైపు చూసింది. ఆ వెలుతురు చాలనట్టు కళ్లు చిట్లించింది. గోడ పట్టుకుని లేచింది. చెప్పులు వేసుకోలేదు.

మా బోర్డు మీద నాలుగో నిబంధన ఇలా ఉంటుంది: "ఎట్టి పరిస్థితులలోను ఫిలింపై సూర్యకాంతి పడరాదు." అది నా నోటి చివరిదాకా వచ్చింది. నిజంగా వచ్చింది. పెదవులు విప్పాను కూడా.

మూసుకున్నాను.

వరహాలమ్మ మామ్మగారు ఆ ముక్కని కంటికి ఎదురుగా పట్టుకుని, నన్ను దాటుకుని, గుమ్మం దిగి, మిట్టమధ్యాహ్నపు ఎండలోకి వెళ్లిపోయింది.